టర్బైన్ మోడల్ జెట్: ముందు నేల, ఆ తర్వాతే ఇంజన్

రేడియోతో ఎగరేసే మోడల్ విమానానికి చిన్న జెట్ ఇంజన్ పెట్టినదే టర్బైన్ జెట్. అది కావాలనుకున్నవాళ్లు దాదాపు అందరూ ఇంజన్ దగ్గరే మొదలుపెడతారు. నెట్టే బలం (థ్రస్ట్) 100 న్యూటన్లదా 160 దా, ఏ కంపెనీదైతే మేలు అని నెలల తరబడి వాదులాడుకుంటారు. ఇంజన్ వచ్చాక దానికి సరిపోయే జెట్ కోసం, జెట్ తయారయ్యాక ఎగరేసే చోటు కోసం వెతుకుతారు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఈ వరుసను తిరగేయాలి. ముందు మీకు దొరికే నేల ఏదో తేల్చండి. ఆ నేల మీద లేచి దిగగలిగే జెట్‌ను చూడండి. ఆ జెట్‌ను మన ఎండలో లేపగలిగే ఇంజన్ చివర్లో వస్తుంది.

ఈ సలహా ఇప్పటికే పెద్ద ఎలక్ట్రిక్ విమానాన్నో పెట్రోలు విమానాన్నో ఫ్లాపులు (మెల్లగా దిగడానికి రెక్క వెనక అంచున దించే పలకలు) దించి, గాలి వాలుగా ఉన్న రోజు కూడా దించగలిగేవాళ్ల కోసం. అంతదాకా రానివాళ్లకు టర్బైన్ రకాల మధ్య పోలికతో పని లేదు.

## ఏం చూసి తేల్చుకోవాలి

నేల. జడ్చర్ల, షాద్‌నగర్, చౌటుప్పల్ చుట్టుపక్కల ఇంకా ఇళ్లు కట్టని వెంచర్లలో 33 అడుగుల, 40 అడుగుల రోడ్లు ఖాళీగా పడి ఉంటాయి. 40 అడుగులంటే 12 మీటర్లు కాబట్టి వెడల్పు సరిపోతుంది. ప్రమాదం రోడ్డు అంచుల్లో ఉంది: కరెంటు స్తంభాలు, ప్లాటు హద్దురాళ్లు, మొక్కల కోసం కట్టిన ఇనుప కంచెలు. కనీసం 150 మీటర్ల తిన్నని రోడ్డు, రెండు కొసల్లోనూ అడ్డం లేని మరో 100 మీటర్లు, ఒక పక్కనైనా స్తంభాలు లేకపోవడం, ఈ మూడూ ఉంటేనే దాన్ని రన్‌వే అనుకోండి. వెంచర్ యజమాని అనుమతి నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి. సీసీ రోడ్డయితే మీటర్లు దాటే కొద్దీ వచ్చే జాయింట్లు ముక్కు చక్రం కాడను తడుతూనే ఉంటాయి, తారు రోడ్డే మేలు.

ఎండిన చెరువు శిఖం చూడటానికి ఊరిస్తుంది కానీ ఏప్రిల్ నాటికి నెర్రెలు బారుతుంది. 60 మి.మీ. చక్రం ఆ నెర్రెలో దిగితే గేరు (చక్రాల కాళ్లు) ఊడి వస్తుంది. ఎర్ర చెలకల్లో మొరం రాళ్ల బెడద. వేలి గోరంత రాయి ఇంజన్ ముందు గాలిని పీల్చే కంప్రెసర్‌లోకి పోయినా బ్లేడు అంచు చిట్లుతుంది.

సొంత పొలం ఉంటే లెక్క సులువు. 150 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అంటే 1500 చదరపు మీటర్లు, దాదాపు 15 గుంటలు. రాళ్లు ఏరి, రోలర్ తొక్కించి, గరిక పట్టించి, పొట్టిగా కోయిస్తే నేర్చుకునే ట్రైనర్ జెట్‌కు సరిపోతుంది. వేగంగా ఎగిరే స్పోర్ట్ జెట్‌కు మాత్రం చాలదు. బోరు మోటార్లకు లాగిన తీగలు పొలం మీదుగా పోతుంటే ఆ పక్క సర్క్యూట్ (జెట్ గాల్లో చుట్టు తిరిగే దారి) పెట్టుకోకండి. ఉదయపు వెలుగులో 200 మీటర్ల దూరంలో ఆ తీగ కంటికి ఆనదు.

ఎండ. నల్లగొండ, మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి 400–500 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. 500 మీటర్ల ఎత్తులో 42 డిగ్రీల వేడికి గాలి సాంద్రత ప్రామాణిక విలువలో 86 శాతానికి పడిపోతుంది. ఇంజన్ డబ్బా మీద రాసిన థ్రస్ట్ 15 డిగ్రీల వేడికి, సముద్ర మట్టానికి సంబంధించినది. కాబట్టి 100 న్యూటన్ల ఇంజన్ మన దగ్గర మే నెలలో 80–85 న్యూటన్ల ఇంజనే. రెక్కకూ అదే పలుచని గాలి, అంటే లేవడానికీ దిగడానికీ నేల మీద వేగం 7–8 శాతం పెరుగుతుంది. థ్రస్ట్ తగ్గడం, కావాల్సిన వేగం పెరగడం ఒకేసారి వస్తాయి, రన్‌వేను తినేది ఈ రెండూ కలిసే. ఎగరేయడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలంలో తొమ్మిది లోపే ముగించాలి. ఆషాఢం గాలుల్లో ట్రైనర్‌ను కూడా బయటికి తీయకపోవడమే మంచిది.

నిప్పు. జనవరి నుంచి మే దాకా చుట్టూ వరి కొయ్యకాళ్లు, పత్తి కట్టె, ఎండు గడ్డి ఉంటాయి. జెట్ కూలితే రెండు లీటర్ల కిరోసిన్ 600 డిగ్రీల ఇంజన్ మీద పడుతుంది. జెట్ కోసం సీఓ2 సిలిండర్ తప్పనిసరి. పొడి చల్లే రకం వాడితే మంట ఆరినా ఇంజన్ సర్వీసుకు పోవాల్సిందే. గడ్డి కోసం పంటలకు మందు కొట్టే 16 లీటర్ల స్ప్రేయర్‌లు రెండు, కడిగి నీళ్లు నింపి ఉంచండి.

చట్టం. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం వినోదానికో చదువుకో కంటి చూపు దూరంలో ఎగరేసే, మొత్తం బరువు 25 కిలోలు దాటని విమానం ‘మోడల్’ కిందికి వస్తుంది. దానికి టైప్ సర్టిఫికెట్ (ఆ నమూనాకు ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) అక్కర్లేదు. ఆ 25 కిలోల్లో ఇంధనం కూడా కలిసే ఉంటుందని స్కేల్ జెట్లు (అసలు విమానాలకు చిన్న నకళ్లు) కట్టేవాళ్లు గుర్తుంచుకోవాలి. గ్రీన్ జోన్‌లో (మ్యాప్ మీద ఆకుపచ్చగా చూపిన చోట) 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం హద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య ఆ పరిమితి 200 అడుగులే, 8 లోపల నేల మట్టం నుంచే అనుమతి కావాలి. శంషాబాద్ నుంచి కొత్తూరు వైపు వెంచర్లు చూస్తున్నవాళ్లు ఈ దూరం ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ మీద కొలుచుకోవాలి. రిజిస్ట్రేషన్ సంగతి కూడా చూసుకోండి. సాగర్, శ్రీశైలం డ్యాముల దరిదాపుల్లో ఎగరేయాలన్న ఆలోచనే వద్దు. ఇంకో చిక్కు దిగుమతి: పూర్తిగా తయారైన డ్రోన్లను, విడదీసిన కిట్లను కూడా 2022 ఫిబ్రవరి నుంచి కేంద్రం ఆపేసింది, విడిభాగాలకు ఆ నిషేధం లేదు. మీ జెట్ కిట్‌ను కస్టమ్స్ వాళ్లు దేని కింద లెక్కేస్తారో డబ్బు కట్టకముందే ఏజెంటును అడగండి.

## నాలుగు దారులు

| | ఎలక్ట్రిక్ ఫ్యాన్ జెట్ | టర్బైన్ ట్రైనర్ | కాంపోజిట్ స్పోర్ట్ జెట్ | స్కేల్ జెట్ |
|---|---|---|---|---|
| ఇంధనం లేని బరువు | 3–5 కిలోలు | 6–9 కిలోలు | 9–13 కిలోలు | 13–20 కిలోలు |
| థ్రస్ట్ | 30–50 న్యూటన్లు | 60–100 | 120–180 | 180 పైన |
| సరిపోయే నేల | తారు, పొట్టి గరిక | తారు, గరిక, గట్టి చదును నేల | తారు మాత్రమే | పొడవైన, నున్నని తారు |
| గాల్లో సమయం | 3–4 నిమిషాలు | 8 నిమిషాల దాకా | 8 నిమిషాలు | 6–8 నిమిషాలు |
| ఎగిరేటప్పుడు తూకం మారుతుందా | మారదు | ట్యాంకు చోటును బట్టి | ట్యాంకు చోటును బట్టి | ఎక్కువగా మారవచ్చు |
| మే నెల ఎండలో | బ్యాటరీకి కష్టం | ఉదయం పూట ఫర్వాలేదు | రన్‌వే పొడవు కావాలి | వద్దు |

### ఎలక్ట్రిక్ ఫ్యాన్

90 మి.మీ. ఫ్యాన్ ఉన్న ఫోమ్ జెట్‌తో జెట్‌ను దించే పద్ధతి తక్కువ ఖర్చులో ఒంటబడుతుంది. కిరోసిన్ వాసన ఉండదు, సీజీ (జెట్ బరువు సమతూగే చోటు) మొదటి నుంచి చివరి దాకా ఒకే చోట ఉంటుంది. మన దగ్గర అసలు ఇబ్బంది బ్యాటరీది. ఎండలో ఆగిన కారులో 50 డిగ్రీలకు చేరిన లిపో బ్యాటరీ ప్యాక్‌ను ఎక్కించి పూర్తి కరెంటు లాగితే ల్యాండింగ్ నాటికి 60 దాటి ఉబ్బుతుంది. ప్యాక్‌లను థర్మాకోల్ పెట్టెలో తీసుకెళ్లండి, ఐస్ అక్కర్లేదు. ఫోమ్ జెట్‌లోనే చిన్న టర్బైన్ పెట్టాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. ఆ పని కోసమే తయారుచేసిన ఫోమ్ జెట్ కాకపోతే పెట్టకండి, ఫోమ్ ఏ వేడికి వంగుతుందో ఇస్త్రీపెట్టె దగ్గర పెట్టి చూస్తే తెలుస్తుంది.

### ట్రైనర్

ఇక్కడి నేలకు, ఇక్కడి ఎండకు మొదటి టర్బైన్‌గా మా ఓటు దీనికే. మందమైన తిన్నని రెక్క, 90–100 మి.మీ. చక్రాలు, వెనక్కి వాలి స్ప్రింగు మీద ఊగే గేరు కాళ్లు, అరచేతంత ఫ్లాపులు. ఇవే దాని గుణాలు, అందం గురించి అడగకండి.

ట్రైనర్లలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో ఇంజన్ వీపు మీద బయట కూర్చుంటుంది. రెండోదాంట్లో లోపల ఉండి, తోక దాకా స్టీలు గొట్టం ద్వారా వేడి గాలిని వదులుతుంది.

వీపు మీది ఇంజన్‌కు రాళ్లు, దుమ్ము తక్కువ తగులుతాయి. గొట్టం ఖర్చు లేదు, బరువు లేదు, నాలుగు స్క్రూలు విప్పితే ఇంజన్ చేతికొస్తుంది. బదులుగా థ్రస్ట్ సీజీ కంటే పైనుంచి నెడుతుంది. 150 మి.మీ. పైనుంచి 80 న్యూటన్లు నెడితే 12 న్యూటన్ మీటర్ల బలం ముక్కును కిందికి నొక్కుతుంది. రన్‌వే మీద పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు ముక్కు చక్రం నేలకు అతుక్కుని లేవనంటుంది. దిగేటప్పుడు థ్రాటిల్ మూస్తే ముక్కు తనంతట తనే పైకి లేస్తుంది. రేడియోలో థ్రాటిల్ నుంచి ఎలివేటర్‌కు (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) చిన్న మిక్స్ పెడితే సర్దుకుంటుంది. కానీ టర్బైన్ థ్రాటిల్ కంటే మూడు నాలుగు సెకన్లు ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి మిక్స్‌ను కూడా ఆలస్యంగా పనిచేసేలా పెట్టాలి.

లోపలి ఇంజన్‌లో ఈ వంపు ఉండదు, గాల్లో హాయిగా ఉంటుంది. అయితే గొట్టం, ఇంజన్ మూతి ఒకే గీతలో ఉండాలి, మధ్య ఖాళీ ఇంజన్ తయారీదారు చెప్పినంతే ఉండాలి. ఒక పక్కకు జరిగితే వేడి గాలి కొంత ఫ్యూజలేజ్ (జెట్ ఒళ్లు) లోపలికే వస్తుంది. గొట్టం ఒక కొసనే బిగించండి, రెండో కొస జరగడానికి వీలుండాలి. వేడికి స్టీలు సాగుతుంది. రెండు కొసలూ బిగిస్తే గొట్టం వంగుతుంది, లేదంటే పట్టిన ప్లైవుడ్ చీలుతుంది.

గరిక నేల అయితే వీపు మీద ఇంజన్, వెంచర్ తారు రోడ్డయితే లోపలి ఇంజన్. దీనికి మించి ఆలోచించాల్సింది లేదు.

### స్పోర్ట్ జెట్

వేగం, రోల్స్, పొడవాటి నిట్టనిలువు గీతలు కావాలంటే ఇదే. కానీ రన్‌వే 150 మీటర్లకు తగ్గకూడదు, బ్రేకులు మంచివి ఉండాలి. ఐడిల్‌లో (థ్రాటిల్ పూర్తిగా దించినప్పుడు) కూడా టర్బైన్ ముందుకు నెడుతూనే ఉంటుంది, బ్రేకు లేని జెట్ నున్నని తారు మీద తనంతట తాను ఆగదు. గాలితో పనిచేసే రిట్రాక్టుల (ముడుచుకునే గేరు కాళ్లు) కంటే ఎలక్ట్రిక్ రిట్రాక్టులు మన దుమ్ముకు నయం. గాలి రకంలో ఓ-రింగు మీద ఇసుక చేరితే ఒక కాలు దిగదు.

రంగు కూడా ఎంపికలో భాగమే. నల్ల కార్బన్ కనిపించే జెట్ ఫోటోలో బాగుంటుంది. మామూలు గది వేడిలో ఆరిన ఎపాక్సీ 50–60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, మే నెల ఎండలో నల్ల ఉపరితలం ఆ వేడిని సునాయాసంగా దాటుతుంది. తెలుపు తీసుకోండి, గొడుగు కింద పెట్టండి.

### స్కేల్ జెట్

బీదర్ మీదుగా ఎగిరే వాయుసేన శిక్షణ జెట్ హాక్‌ను, దుండిగల్ కిరణ్‌ను చూసి పెరిగినవాళ్లకు చివరికి మనసు పోయేది ఇటే. చిన్న చక్రాలు, ఇరుకు రెక్క, ఎక్కువ బరువు. జిల్లాల్లో దొరికే వెంచర్ రోడ్ల మీద ఇది మొదటి జెట్‌గా నిలవదు. ట్రైనర్ మీద ఒక చలికాలం గడిచాక మళ్లీ చూడండి.

## ఇంజన్ ఎంత పెద్దది

జర్మనీ జెట్‌క్యాట్, తైవాన్ కింగ్‌టెక్, స్పెయిన్ జెట్స్ మున్ట్, క్సికోయ్, చైనా స్వివిన్ ఇంజన్లు ఎక్కువగా కనబడతాయి. ఈ కాలపు ఇంజన్లు చాలావరకు కిరోసిన్‌తోనే నేరుగా స్టార్ట్ అవుతాయి, పాతవాటికి స్టార్టింగ్‌కు గ్యాస్ క్యాన్ కావాలి. గ్యాస్ రకం తక్కువ ధరకు వచ్చినా తీసుకోకండి.

బ్రాండు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న సర్వీసు ఎక్కడ అని. చాలా కంపెనీలు 25 గంటలకోసారి సర్వీసు చెబుతాయి. 8 నిమిషాల చొప్పున అది 187 ఎగురుళ్లు, అంటే వారానికి నాలుగు చొప్పున ఎగరేసినా ఏడాదికి దగ్గర. ఇంజన్ దేశం దాటి పోయి రావాల్సి వస్తే రాకపోకల కొరియర్, మళ్లీ సుంకం పడకుండా కావాల్సిన కాగితాలు ఎవరు చూస్తారో కొనేముందే రాయించుకోండి.

పరిమాణం లెక్క ఇలా వేయండి. ట్రైనర్ 8 కిలోలు, ఇంధనం 2 కిలోలు, మొత్తం 10 కిలోలు అంటే 98 న్యూటన్ల బరువు. 100 న్యూటన్ల ఇంజన్ ఎండలో 83 ఇస్తే థ్రస్ట్‌కూ బరువుకూ నిష్పత్తి 0.85. గరిక మీద కూడా చాలు. 6 కిలోల చిన్న ట్రైనర్ 60 న్యూటన్లతో అయితే నిష్పత్తి 0.7 దగ్గరికి దిగుతుంది. తారు మీద లేస్తుంది, గరిక మీద పరుగెత్తి పరుగెత్తి రన్‌వే అయిపోతుంది.

అలాగని ఎక్కువ శక్తి ఉంటే మంచిదేగా అని 100 చోట 160 పెట్టకండి. ఆ ఇంజన్ సుమారు అరకిలో ఎక్కువ బరువు. అది సీజీకి 600 మి.మీ. వెనక కూర్చుంటే, తూకం సరిచేయడానికి 800 మి.మీ. ముందున్న ముక్కులో 375 గ్రాములు వేయాలి. మొత్తం 875 గ్రాములు పెరిగింది, ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఐడిల్ నెట్టుడు పెరిగి ల్యాండింగ్ పొడవవుతుంది. పెద్ద ఇంజన్ కొన్నవాళ్లకు ఎక్కువ రన్‌వే కావాల్సి రావడం ఇందుకే.

## కిరోసిన్ లేదా డీజిల్

రేషన్ నీలం కిరోసిన్ వైపు చూడకండి, అది వేరే పని కోసం ఇచ్చింది. బహిరంగ మార్కెట్‌లో దొరికే తెల్ల కిరోసిన్ వాడాలి. దొరకనప్పుడు డీజిల్. అయితే మీ ఇంజన్ మాన్యువల్ డీజిల్‌ను ఒప్పుకుంటేనే. డీజిల్ ఏ బంకులోనైనా ఉంటుంది, అదే దాని గొప్ప. స్టార్టింగ్ కొంచెం మొండిగా ఉంటుంది, పొగ, వాసన ఎక్కువ, మసి పేరుకుంటుంది. చలికాలం తెల్లవారుజామున కిరోసిన్, మిగతా రోజుల్లో డీజిల్ అని మార్చి మార్చి వాడేవాళ్లు ప్రతిసారీ ఈసీయూలో (ఇంజన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) స్టార్టింగ్ పంపు సెట్టింగు చూసుకోవాలి.

ఏది వాడినా బేరింగులకు నూనె ఆ ఇంధనంలోంచే అందుతుంది. మామూలుగా 5 శాతం, అంటే 20 లీటర్లకు ఒక లీటరు టర్బైన్ ఆయిల్. కొలత గ్లాసుతోనే కలపండి. విమాన టర్బైన్ ఆయిల్‌లో నరాలకు హాని చేసే ఫాస్ఫేటు రసాయనం ఉంటుంది కాబట్టి గ్లవ్స్ వేసుకోండి. వానాకాలంలో సగం ఖాళీ క్యాన్‌లో తేమ పడుతుంది, అడుగున నీళ్లు తేలితే ఆ ఇంధనం పారబోయండి.

## ట్యాంకు చోటే తూకం

టర్బైన్ జెట్లలో ఏది తీసుకోవాలో తేలనప్పుడు ఫ్యూజలేజ్ మూత తీయించి ఒకటి చూడండి: ప్రధాన ట్యాంకు మధ్యభాగం సీజీ మీద ఉందా? రెండున్నర లీటర్ల ఇంధనం రెండు కిలోలు. ట్యాంకు మధ్యభాగం సీజీకి 60 మి.మీ. ముందుంటే, 8 కిలోల జెట్‌లో నిండు ట్యాంకుకూ ఖాళీ ట్యాంకుకూ మధ్య సీజీ 12 మి.మీ. వెనక్కి జరుగుతుంది. లేచేటప్పుడు ముక్కు బరువు, దిగేటప్పుడు తోక బరువు. ట్యాంకు వెనక ఉన్న జెట్ ఇంకా చెడ్డది, నిండు ట్యాంకుతో లేచే మొదటి క్షణంలోనే తోక బరువుగా ఉంటుంది. రెండు ట్యాంకులున్న జెట్‌లో ఒకటి ముందు, ఒకటి వెనక ఉంటే ఏది ముందు ఖాళీ అవుతుందో గొట్టాల వరుసలో కనుక్కోండి.

ప్రధాన ట్యాంకు తర్వాత, పంపుకు ముందు బుడగలు ఆపే చిన్న ట్యాంకు ఉండాలి. ఇది ఎప్పుడూ నిండుగా ఉంటుంది. పంపుకు ముందు వైపు గొట్టంలో ఎక్కడ వదులున్నా ఇంధనం కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే నేల మీద ఏ తేడా కనబడని జెట్ గాల్లో అకస్మాత్తుగా ఆరిపోతుంది. ఆ వైపు ప్రతి జాయింటుకూ సన్న తీగ చుట్టి బిగించండి. ట్యాంకు ఊపిరి గొట్టం సన్నగా ఉంటే పంపు లాగుడుకు ట్యాంకు చప్పిడైపోయి అదే ఫలితం వస్తుంది. పారదర్శకమైన గొట్టం వాడి, ఇంజన్ పూర్తి థ్రాటిల్‌లో ఉండగా చూడండి. ఒకటీ అరా చిన్న బుడగలు ఫర్వాలేదు, వరుసగా వస్తుంటే ఎగరేయవద్దు.

## సీజీ పెట్టడం

పది కిలోల జెట్‌ను రెండు వేళ్ల మీద ఎత్తి తూచలేం. మూడు కాంటాలు కావాలి. కిరాణా షాపుల్లో వాడే 30 కిలోల ఎలక్ట్రానిక్ కాంటాలు చాలు, ముందు మూడింటి మీదా ఒకే నీళ్ల సీసా పెట్టి ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో చూడండి. ప్రధాన ట్యాంకు ఖాళీ, బుడగల ట్యాంకు నిండు, బ్యాటరీలు, మూత అన్నీ ఎక్కించి, గేరు దించి, జెట్‌ను గాల్లో ఎగిరే భంగిమలో సమతలంగా నిలబెట్టాలి. అవసరమైతే చక్రాల కింద పలకలు పెట్టి, పలకల బరువు తీసేయండి.

ముక్కు కాంటా 0.9 కిలోలు, మొత్తం 8 కిలోలు, ముక్కు చక్రానికీ ప్రధాన చక్రాలకూ మధ్య 800 మి.మీ. అనుకుంటే, 0.9ని 800తో హెచ్చించి 8తో భాగిస్తే 90. సీజీ ప్రధాన చక్రాల ఇరుసుకు 90 మి.మీ. ముందుంది. కావాల్సింది 100 అయితే 10 మి.మీ. ముందుకు జరపాలి. 800 మి.మీ. ముందు సీసం వేస్తే 100 గ్రాములు. అదే 250 గ్రాముల బ్యాటరీని 320 మి.మీ. ముందుకు జరిపినా సరిగ్గా అంతే, బరువు పెరగదు. ముందు బ్యాటరీలు, ఆ తర్వాతే సీసం. సీసాన్ని బోల్టుతో బిగించండి, హాట్ గ్లూతో అతికిస్తే కారు డిక్కీ వేడికే ఊడుతుంది.

గేరు ముడుచుకునే దిక్కు కూడా లెక్కలోకి తీసుకోండి. 300 గ్రాముల ముక్కు కాలు వెనక్కి ముడిస్తే దాని బరువు 130 మి.మీ. జరుగుతుంది, సీజీ దాదాపు 5 మి.మీ. వెనక్కి పోతుంది. ముందుకు ముడిచేదయితే ముందుకు పోతుంది. ఎగిరేది గేరు ముడిచే కాబట్టి తుది సీజీని ఆ స్థితికి చూసుకోవాలి.

తయారీదారు సీజీ ఇవ్వని జెట్ అయితే రెక్క సగటు వెడల్పు లెక్కించాలి. మొదలు 500, కొస 300 మి.మీ. ఉంటే సగటు 408 వస్తుంది (రెండు కూడితే 800, రెండూ హెచ్చించి 800తో భాగిస్తే 187.5, తేడాలో మూడింట రెండొంతులు). తిన్నని రెక్కకు ఆ సగటులో 28–30 శాతం దగ్గర మొదలుపెట్టండి. వెనక్కి వాలిన రెక్కకు ఆ సగటు రెక్కలో ఎక్కడ పడుతుందో గీసి చూడకుండా మొదలు దగ్గర కొలిస్తే పెద్ద తప్పు జరుగుతుంది. మొదటిసారి తయారీదారు చెప్పిన పరిధిలో ముందు కొసనే పెట్టుకోండి. ముక్కు బరువైన జెట్ ఆలస్యంగా లేచి బరువుగా దిగుతుంది. తోక బరువైనది అసలు దిగకపోవచ్చు.

గాల్లో సరిచూడటానికి తలకిందులుగా 45 డిగ్రీలు పైకి తీసుకెళ్లి రేడియో మీది కర్ర వదలండి. గీత మెల్లగా నేలవైపు వంగితే సరి. దబ్బున వంగితే ముక్కు బరువు, తనంతట తాను పైకి పోతే తోక బరువు. ఇంధనం సగానికి తగ్గాక ఒకసారి, చివర్లో ఒకసారి చేసి చూడండి. రెండు ఫలితాలకు తేడా ఉంటే ట్యాంకు చోటు తప్పు.

నేల మీద జెట్ నిలబడే తీరు చాలామంది వదిలేస్తారు. ముక్కు కిందికి వాలి ఉంటే రెక్క గాలిని ఎదుర్కోదు, 42 డిగ్రీల్లో ఆ జెట్ 200 మీటర్లు పరుగెత్తినా లేవదు. ముక్కు కాడను కొంచెం పొడవు చేసి, జెట్ సమతలంగానో ఒక డిగ్రీ పైకో నిలబడేలా చూసుకోండి. అడ్డంగా కూడా తూచాలి: ఎడమ, కుడి కాంటాల మధ్య 50 గ్రాముల కంటే తేడా ఉంటే బరువు తక్కువున్న రెక్క కొసలో సర్దండి.

## రోటర్ బ్యాలెన్సు జోలికి వెళ్లాలా

వద్దు. ఒక మిల్లీమీటరు దూరంలో ఒక గ్రాము తేడా ఉన్నా, నిమిషానికి లక్షన్నర చుట్లు తిరిగే రోటర్‌లో (కంప్రెసర్, టర్బైన్ చక్రాలున్న ఇరుసు) అది దాదాపు 250 న్యూటన్ల బలమై బేరింగును లాగుతుంది, అంటే 100 న్యూటన్ల ఇంజన్ ఇచ్చే థ్రస్ట్‌కు రెండున్నర రెట్లు. గ్రాములో పదో వంతు తేడా కూడా బేరింగుకు భారమే. ఆ పని కంపెనీ యంత్రం మీదే చేయాలి. మీరు చేయాల్సింది కనిపెట్టడం: ఆపాక రోటర్ ఆగే సమయం మునుపటి కంటే తగ్గిందా, చల్లారాక వేలితో తిప్పితే గరగరమంటోందా, స్వరం మారిందా? మొరం నేల మీద దిగాక బ్లేడు అంచులను టార్చితో చూడండి. ఒక్క చిట్లు కనిపించినా ఆ ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేయకూడదు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఇంజనీరింగ్ విద్యార్థుల బృందం: ప్రాజెక్టు పేరుతో స్కేల్ జెట్ మొదలుపెట్టి ఫైనల్ ఇయర్‌లో సగంలో వదిలేయడం కంటే, టర్బైన్‌ను టెస్ట్ బెంచి మీద నడిపి థ్రస్ట్, ఉష్ణోగ్రత, ఇంధనం కొలవడం చాలా విలువైన పని. 60 న్యూటన్లది చాలు. పక్కన 7–8 మీటర్లు, ముందూ వెనకా 4–5 మీటర్లు ఎవరూ నిలబడకూడదు. తర్వాత అదే ఇంజన్‌ను చిన్న ట్రైనర్‌లోకి మార్చుకోవచ్చు.

హైదరాబాద్‌లో ఉంటూ వారాంతంలో ఎగరేసేవాళ్లు: తారు దొరుకుతుంది, కాబట్టి లోపలి ఇంజన్ ట్రైనర్, 100 న్యూటన్లు. రెక్క విప్పి కారులో పట్టేదే చూడండి. ప్రతిసారీ విప్పి బిగించే జెట్‌లో రెక్క వైర్ల కనెక్టర్లకు లాక్ ఉండాలి.

పొలం, గరిక రన్‌వే ఉన్నవాళ్లు: వీపు మీద ఇంజన్ ట్రైనర్, పెద్ద చక్రాలు. కంప్రెసర్‌కు జాలీ మూత తప్పనిసరి.

ఇప్పటికే ఎలక్ట్రిక్ జెట్ మీద నమ్మకం వచ్చినవాళ్లు, 150 మీటర్ల తారు చేతిలో ఉన్నవాళ్లు: ట్రైనర్ దాటేసి స్పోర్ట్ జెట్‌కు వెళ్లొచ్చు, 120–140 న్యూటన్లతో. కానీ మొదటి నెల చలికాలంలోనే పడేలా చూసుకోండి.

## సెకండ్ హ్యాండ్ తీసుకునేటప్పుడు

జెట్‌ను చూసి ఇంజన్ కొనకండి. ఈసీయూ డిస్ప్లేలో మొత్తం నడిచిన సమయం, స్టార్టుల సంఖ్య, చివరిసారి ఆగడానికి కారణం ఉంటాయి, వాటిని మీ కళ్లతో చదవండి. నడిచిన గంటలు 25కు దగ్గరగా ఉంటే సర్వీసు ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. మీ ముందు రెండుసార్లు స్టార్ట్ చేయించండి, ముక్కు గాలికి ఎదురుగా పెట్టి. స్టార్టింగ్‌లో తోకలోంచి పొడవాటి మంట వస్తే ముందు బ్యాటరీ మార్చి చూడండి, స్టార్టర్ వేగం చాలక అలా జరుగుతుంది. కొత్త బ్యాటరీతో కూడా అదే మంట వస్తే ఇంజన్ వదిలేయండి. ఆగాక ఈసీయూ స్టార్టర్‌ను తిప్పుతూ 100 డిగ్రీల కిందికి చల్లార్చేదాకా ఉండండి. చివరగా రేడియో ఆఫ్ చేయించండి, ఇంజన్ వెంటనే ఐడిల్‌కు దిగి రెండు సెకన్లలో ఆగిపోవాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఇంజన్‌ను ఆపే ఏర్పాటు) సరిగా పెట్టలేదు, దాన్ని సరిచేసి మళ్లీ చూపించేదాకా డబ్బు ఇవ్వకండి.